ఆర్కిడ్ కాడ ముక్కల నుంచి కొత్త మొక్కలు: హార్మోను మందు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు



విజయవాడ, పెనమలూరు, కంకిపాడు, గన్నవరం చుట్టుపక్కల షేడ్ నెట్ కింద ఆర్కిడ్ పెంచుతున్నవారు, పెంచాలని దరఖాస్తు పెట్టుకున్నవారు ఈ పత్రాన్ని ఫోనులో దాచుకోండి. పెళ్లి స్టేజీల మీద ఊదా, తెలుపు రంగుల్లో పొడవాటి పూల కాడలు కనిపిస్తాయి కదా, వాటిలో ఎక్కువ భాగం డెండ్రోబియం అనే ఆర్కిడ్ రకం. మొక్క ఖరీదు ఎక్కువ. అందుకే చాలామంది "ఉన్న మొక్కనే ముక్కలు చేసి, హార్మోను మందులో ముంచితే పది మొక్కలు అవుతాయట కదా?" అని అడుగుతున్నారు.

జవాబు: అవుతాయి, కానీ అన్ని రకాల్లో కాదు. ఏ ముక్కకు ఏ మందో తెలియకుండా వాడితే ఉన్న మొక్క కూడా పోతుంది. అప్పు తెచ్చి కొన్న మొక్క మీద కత్తి పెట్టే ముందు ఇది ఒకసారి పూర్తిగా చదవండి.

1. ముందుగా ఒక మాట: మొక్కను పుట్టించేది మందు కాదు, కన్ను

ఉయ్యూరు వైపు చెరకు వేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. మూడు కళ్ల ముచ్చె పాతిపెడితే కంటి దగ్గర మొలక వస్తుంది. కన్ను చెడిపోయిన ముచ్చెకు ఎంత ఎరువు వేసినా మొలవదు.

డెండ్రోబియం కాడ కూడా చిన్న చెరకు గడ లాంటిదే. కణుపులు ఉంటాయి. ప్రతి కణుపు దగ్గర పలచటి పొర కింద ఒక కన్ను నిద్రపోతూ ఉంటుంది. ఆ కన్ను లేచి పిలక అవుతుంది. పిలక కాస్త పెరిగాక దాని అడుగున వేళ్లు వస్తాయి. మన అరటి పిలక లాగే దాన్ని విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు. ఆర్కిడ్ పెంచేవాళ్లు ఈ పిలకను 'కైకీ' అంటారు. అది హవాయి భాషలో పిల్ల అనే మాట.

ఇలా వచ్చిన మొక్క తల్లి మొక్క లాగే పూస్తుంది. రంగు మారదు, పూల సైజు మారదు. కాడ ముక్కల పద్ధతిలో అసలు లాభం ఇదే.

2. మీ దగ్గర ఉన్నది ఏ రకం? ముందు అది చూసుకోండి

డెండ్రోబియం: అడుగు నుంచి పక్కపక్కనే చాలా కాడలు వస్తాయి. పూసి ఆకులు రాలిపోయిన పాత కాడలను ముక్కలు చేయవచ్చు.

మొకారా, అరాండా, వాండా: ఒకే కాడ పైకి పెరుగుతూ పోతుంది. కాడ మీద నుంచి గాలిలోకి లావుపాటి వేళ్లు వేలాడతాయి. వీటిలో పైభాగాన్ని, అంటే తలను, కనీసం రెండు మూడు గాలి వేళ్లతో కలిపి కోసి నాటుకోవచ్చు. మిగిలిన మొదలు పక్క నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఫలనాప్సిస్: సీతాకోకచిలుక లాంటి వెడల్పాటి పువ్వు. దీనికి కోయదగ్గ కాడ ఉండదు. పూల కాడ మీది కింది కళ్ల నుంచి మాత్రమే పిలక తీయవచ్చు. పైగా పూత రావాలంటే కొన్ని వారాలు చల్లటి రాత్రులు కావాలి. డెల్టా వేడిలో మామూలు షేడ్ నెట్ కింద దీన్ని వ్యాపారంగా పెట్టుకోవద్దు.

కట్లేయా, ఆన్సిడియం: కాడ ముక్కలతో ప్రయత్నించవద్దు. దుబ్బును మూడు నాలుగు కాడల చొప్పున విడదీసి నాటడమే సరైన దారి.

వెనిల్లా: ఇది కూడా ఆర్కిడ్ కుటుంబపు తీగే. తీగ ముక్కలతో సులువుగా వస్తుంది. అయితే ఇది పూలకు కాదు, కాయలకు వేసే పంట.

3. రెండు రకాల మందులు, రెండు వేరు వేరు పనులు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

వేరు మందు: ఎన్‌ఏఏ, ఐబీఏ. వీటిని ఆక్సిన్లు అంటారు. ఎన్‌ఏఏ మీకు తెలిసినదే. మిరపలో, మామిడిలో పూత, పిందె రాలకుండా కొట్టే 4.5 శాతం ద్రావణం అదే. ఐబీఏను నర్సరీలవాళ్లు గులాబీ, క్రోటన్ కొమ్మలకు వేళ్లు రావడానికి పొడిగానో ద్రావణంగానో వాడతారు.

చిగురు మందు: బీఏపీ. ఇది సైటోకైనిన్ జాతిది. నిద్రపోతున్న కన్నును లేపుతుంది. నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఇంట్లో కలుపుకోవడం కుదరదు. ముద్దగా తయారుచేసి 'కైకీ పేస్ట్' అనే పేరుతో చిన్న డబ్బాల్లో అమ్ముతారు.

ఇప్పుడు అసలు విషయం. చెరకు తల కొడితే పక్క కళ్లు లేస్తాయని మీకు తెలుసు. తలలో తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగుతూ పక్క కళ్లను అణచి ఉంచుతుంది. తల పోతే ఆ అణచివేత పోతుంది. ఎన్‌ఏఏ, ఐబీఏ కూడా ఆక్సిన్లే. అంటే ఆకులు లేని డెండ్రోబియం ముక్కను మొత్తంగా వేరు మందులో ముంచితే, లేవాల్సిన కన్నును మనమే నొక్కి పెట్టినట్టు అవుతుంది. నెలల తరబడి ముక్క పచ్చగానే ఉండి, మొలక లేకుండా చివరికి ఎండిపోతుంది.

అందుకే గుర్తుపెట్టుకోండి:

డెండ్రోబియం పాత కాడ ముక్కకు చిగురు మందు, అది కూడా ఒక్క కంటి మీదే.
మొకారా, వాండా తల ముక్కకు వేరు మందు, అది కూడా అడుగు కొసకే.
'ఒకే సీసా అన్నిటికీ పనిచేస్తుంది' అని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దు.

4. ఎప్పుడు చేయాలి?

జూలై నుంచి సెప్టెంబరు మధ్య మంచిది. గాలిలో తేమ ఉంటుంది, ఎండ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు కత్తి పెట్టవద్దు. ఆ ఎండల్లో తల్లి మొక్కను బతికించుకోవడమే కష్టం. పూతలో ఉన్న మొక్కను, జబ్బుగా ఉన్న మొక్కను కూడా కోయవద్దు.

5. డెండ్రోబియం ముక్కలు: ఒక్కో మెట్టు

ఒకటి. కత్తి శుభ్రత. ఆర్కిడ్లలో వైరస్ తెగుళ్లు కత్తి ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎక్కుతాయి. వాటికి మందు లేదు. మొక్క మారిన ప్రతిసారీ కత్తిని మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చండి, లేదా కొత్త బ్లేడు వాడండి. ఆకుల మీద పసుపు, నల్ల చారలు ఉన్న మొక్కను తల్లిగా తీసుకోవద్దు.

రెండు. కాడ ఎంపిక. పూసి ఆకులు రాలినా ఇంకా పచ్చగా, గట్టిగా ఉన్న కాడ కావాలి. ముడతలు పడి పసుపు తిరిగినది పనికిరాదు. ఒక మొక్కలో కనీసం మూడు మంచి కాడలు మిగిలేలా చూసుకుని, ఒకటి మాత్రమే తీయండి.

మూడు. కోత. చెరకు ముచ్చె లాగే మూడు కళ్లకు ఒక ముక్క. తొమ్మిది కణుపుల కాడకు మూడు ముక్కలు వస్తాయి. కణుపుల మధ్య కోయండి, కంటికి తగలనివ్వవద్దు.

నాలుగు. ఆరబెట్టడం. కోసిన రెండు కొసలకు దాల్చిన చెక్క పొడి అద్ది, ఒక రాత్రి నీడలో ఉంచండి. పొడి కొసలకే, కళ్లకు కాదు. పొలంలో వాడే రాగి మందులు డెండ్రోబియం మీద వాడవద్దు, మొక్క దెబ్బతింటుంది.

ఐదు. చిగురు మందు. మధ్య కంటి మీది పలచటి పొరను సూదితో మెల్లగా తొలగించండి. ఆవగింజంత పేస్ట్ కంటి మీద పెట్టండి. అంతే. మళ్లీ పెట్టవద్దు. ఎక్కువైతే ఒకే చోట నాలుగైదు వంకర చిగుళ్లు వస్తాయి, వేళ్లు మాత్రం రావు. ముక్కలో ఉన్న బలం అంతా వాటికే అయిపోతుంది.

ఆరు. పడక. నానబెట్టి పిండిన కొబ్బరి పీచు గానీ, నాచు గానీ ట్రేలో పరచండి. ముక్కను పాతిపెట్టకుండా పైన పడుకోబెట్టండి, కన్ను పైకి ఉండాలి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టి, గాలికి రంధ్రాలు చేయండి. 75 శాతం నీడలో ఉంచండి. ఎండ నేరుగా తగిలితే మూత కింద ముక్క ఉడికిపోతుంది.

ఏడు. నీళ్లు. పీచు తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. నాగాయలంక, మచిలీపట్నం వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్నచోట వాటిని వాడవద్దు. ఆర్కిడ్ వేరు ఉప్పును తట్టుకోలేదు. వాన నీళ్లు పట్టి దాచుకున్నవి అన్నిటికన్నా మంచివి.

ఎనిమిది. విడదీయడం. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కన్ను ఉబ్బి చిగురు కనిపిస్తుంది. తొందరపడి విడదీయవద్దు. పిలకకు మూడు నాలుగు వేళ్లు వచ్చి, రెండు అంగుళాలు పెరిగాక విడదీసి బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వేసిన చిన్న కుండీలో పెట్టండి. వేళ్లు వచ్చేదాకా ఎరువు వద్దు. ఆ తర్వాత 19:19:19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము చొప్పున వారానికోసారి చాలు.

6. మొకారా, వాండా తల ముక్కలు

రెండు మూడు ఆరోగ్యమైన గాలి వేళ్లు తలతో వచ్చేలా, వాటికి కింద కోయండి. వేళ్లు లేకుండా కోసిన తల చాలావరకు వాడిపోతుంది. ఏ మందూ ఆ లోటు తీర్చదు.

వేరు మందు కలిపే లెక్క ఇది. 4.5 శాతం ఎన్‌ఏఏ అంటే ఒక మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. లీటరు నీటికి 1.1 మిల్లీలీటరు కలిపితే సుమారు 50 పీపీఎం అవుతుంది. అర లీటరు చాలనుకుంటే 0.55 మిల్లీలీటరు. మూతతో, చెంచాతో కొలవవద్దు. మెడికల్ షాపులో దొరికే 1 మిల్లీలీటరు సిరంజి సూది లేకుండా వాడండి.

మిరప మీద కొట్టేటప్పుడు నాలుగున్నర లీటర్లకు 1 మిల్లీలీటరు కలుపుతారు, అది 10 పీపీఎం. ఇక్కడ కలిపింది దానికి ఐదు రెట్లు ఘాటు. అందుకే ఇది ముంచడానికే, చల్లడానికి కాదు. అడుగు కొస ఒక అంగుళం మాత్రం 15 నిమిషాలు ముంచి తీయండి. ఆకులకు తగలనివ్వవద్దు. 'ఇంకాస్త వేస్తే ఇంకాస్త తొందరగా వేళ్లు వస్తాయి' అనుకుంటే కొస నల్లబడి కుళ్లుతుంది.

ముంచిన ముక్కను నీడలో ఆరనిచ్చి, బొగ్గు ముక్కల కుండీలో కర్ర ఊతంతో కదలకుండా కట్టండి. ముక్క ఊగుతుంటే కొత్త వేరు కొస విరిగిపోతుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించండి.

సీసా మీద ఆర్కిడ్ పేరు ఉండకపోవచ్చు. కాబట్టి ఈ మోతాదు కొన్ని ముక్కల మీద పరీక్షకే. మీ గ్రామ ఉద్యాన సహాయకుడికి సీసా చూపించాకే మొదలుపెట్టండి.

7. ముందు ఇరవై ముక్కల పరీక్ష చేయండి

డబ్బు పెట్టే ముందు మీ షెడ్డులోనే ఒక పరీక్ష చేసుకోండి. ఒకే రకం డెండ్రోబియం నుంచి 20 ముక్కలు తీయండి. పదింటికి పేస్ట్ పెట్టండి, పదింటికి ఏమీ పెట్టవద్దు. మిగతా పనులన్నీ రెండింటికీ ఒకేలా చేయండి. పేస్ట్ పెట్టినవాటికి ఎర్ర దారం, మిగతావాటికి తెల్ల దారం కట్టండి. తేదీ రాసుకోండి. ఆరు వారాలకు ఒకసారి, పన్నెండు వారాలకు ఒకసారి లెక్కపెట్టండి: ఎన్నింటికి చిగురు వచ్చింది, ఎన్నింటికి వేళ్లు వచ్చాయి, ఎన్ని కుళ్లాయి.

ఎర్ర దారం ముక్కలు బాగా ముందుంటే మందు మీకు పనిచేసినట్టు. రెండూ దాదాపు సమానంగా ఉంటే మందు ఖర్చు దండగ, మీ పడక, నీడ, తేమ బాగున్నాయని అర్థం. రెండూ కుళ్లితే తప్పు మందుది కాదు. నీళ్లు ఎక్కువయ్యాయి లేదా కత్తి శుభ్రంగా లేదు. ఈ కాగితం సంఘం సమావేశంలో చూపించండి. ఒకరి పరీక్ష పదిమందికి ఖర్చు తప్పిస్తుంది.

8. పథకం డబ్బుకీ, ఈ ముక్కలకీ సంబంధం ఏమిటి?

సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014-15 నుంచి నడుస్తోంది. మన రాష్ట్రంలో ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. షేడ్ నెట్ నిర్మాణానికి, అందులో వేసే ఆర్కిడ్, ఆంథూరియం మొక్కలకు, సాగు సామగ్రికి వేరు వేరుగా సాయం ఉంది.

లెక్క ఎలా వేస్తారో చూడండి. 2014 మార్గదర్శకాల ప్రకారం ఆర్కిడ్ మొక్కలు, సామగ్రికి చదరపు మీటరుకు 700 రూపాయలు, గొట్టాలతో కట్టే షేడ్ నెట్‌కు 710 రూపాయలు ఖర్చుగా తీసుకుని, అందులో సగం ఇచ్చేవారు. 200 చదరపు మీటర్లకు మొక్కల ఖర్చు 1,40,000, నెట్ ఖర్చు 1,42,000, మొత్తం 2,82,000 రూపాయలు. సాయం 1,41,000. మిగతా 1,41,000 మీ చేతి నుంచి పెట్టాలి. ఆ తర్వాత మార్గదర్శకాలు సవరించారు. ఈ ఏడాది రేటు, గరిష్ఠ విస్తీర్ణం ఎంతో రైతు సేవా కేంద్రంలో అడిగి రాయించుకోండి. అసలు ఖర్చు నిర్ణయించిన రేటు దాటితే ఆ పైమొత్తం కూడా మీదే.

పథకం కింద మొక్కలు గుర్తింపు ఉన్న నర్సరీ నుంచి బిల్లుతో కొనాలి. ఇంట్లో చేసుకున్న ముక్కలకు బిల్లు ఉండదు, కాబట్టి వాటిని సాయం లెక్కలో చూపించలేరు. దారిన పోయే బ్రోకరు 'హార్మోను పట్టించిన ముక్కలు' అంటూ అమ్మితే, దానికి సాయమూ రాదు, మొక్క వస్తుందన్న పూచీ కూడా ఉండదు.

మరి ముక్కలు ఎందుకు? చనిపోయిన మొక్కల ఖాళీలు నింపుకోవడానికి. బాగా పూసే మొక్కను రెట్టింపు చేసుకోవడానికి. రెండో ఏడాది, మూడో ఏడాది మళ్లీ కొనే ఖర్చు తగ్గించుకోవడానికి. ముక్క నుంచి పూత దాకా రెండు మూడేళ్లు పడుతుంది. వేల మొక్కలు ఒకేసారి కావాలంటే టిష్యూ కల్చర్ ప్రయోగశాల మొక్కలే దారి. ఈ ముక్కలను నమ్మి స్త్రీనిధి అప్పు వాయిదాల లెక్క వేసుకోవద్దు. వాయిదా నెలనెలా వస్తుంది, పూత అలా రాదు.

9. దరఖాస్తు చేసేటప్పుడు

ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం, ఫొటోలు, నెట్ నిర్మాణానికి కొటేషన్ సిద్ధం చేసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. విజయవాడ చుట్టుపక్కల కొన్ని మండలాలు ఎన్టీఆర్ జిల్లాలో, మిగతావి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. మీ భూమి ఏ జిల్లాలో ఉందో అక్కడే దరఖాస్తు పెట్టాలి. మంజూరు పత్రం చేతికి రాకుండా నెట్ కట్టవద్దు, మొక్కలు కొనవద్దు. ప్రతి బిల్లుకూ ఫొటో తీసి పెట్టుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూశాం. పల్లపు స్థలమైతే కుండీలను నేల మీద కాకుండా ఎత్తు బల్లల మీద పెట్టేలా, వేలాడదీసేలా ముందే ప్లాను చేసుకోండి.

10. జాగ్రత్తలు

మందు కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. వంట గిన్నెలు, తాగే గ్లాసులు వాడవద్దు. మందును మంచినీళ్ల సీసాలోకి ఎప్పుడూ పోయవద్దు. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. కంట్లో పడితే చాలాసేపు మంచినీళ్లతో కడగండి. ఎవరైనా మింగితే సీసా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

అడవిలోని ఆర్కిడ్లను తెచ్చి ముక్కలు చేయవద్దు. కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పైగా కొండ చెట్ల మీది మొక్క డెల్టా వేడికి నిలవదు.

చివరిగా, ఐదు మాటలు

మొక్క రకం తెలుసుకోకుండా కోయవద్దు.
డెండ్రోబియం కంటికి చిగురు మందు, మొకారా కొసకు వేరు మందు.
ఆవగింజంత చాలు, సిరంజితోనే కొలవాలి.
ముందు 20 ముక్కలు, తర్వాతే మిగతావి.
సాయం మొక్కలకు బిల్లు, ఇంటి ముక్కలకు ఓపిక.

అనుమానం వస్తే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడిని కలవండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి. కాల్‌కు డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ పత్రాన్ని మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంపండి. ఫోను చదవలేనివారికి ఒకసారి చదివి వినిపించండి.